కొండల్లో మంచు లోతు కొలవాలంటే: ఫోటోలా, లేజరా, ప్రోబా?

మంచు లోతు కొలవడానికి ఏ డ్రోన్ కొనాలి అని అడిగేవాళ్లే ఎక్కువ. జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ చదివి హిమాలయ ప్రాజెక్టుల్లో చేరే మన పిల్లలూ, పీహెచ్‌డీకి కొలరాడోకో స్విట్జర్లాండ్‌కో వెళ్లినవాళ్లూ ముందు అడిగేది అదే. డ్రోన్ సంగతి తర్వాత చూద్దాం. మీరు కొలవబోయే చోట మంచు ఎంత మందం పేరుకుంటుంది, దాని కింద నేల మీద ఏముంది? ఈ రెండూ తెలిస్తే సగం ఎంపిక అక్కడే అయిపోతుంది. ఇవి అడక్కుండా బ్రోచర్లు ముందేసుకుంటే డబ్బు దండగ.

ఎందుకంటే పై నుంచి కొలిచే ఏ పద్ధతీ మంచు లోతును నేరుగా చూడదు. మంచు లేనప్పుడు నేల ఎత్తు ఒకసారి, మంచు పడ్డాక దాని పైభాగం ఎత్తు ఇంకోసారి కొలిచి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తుంది. లారీని వేబ్రిడ్జి మీద ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి తూచి సరుకు బరువు తేల్చినట్టు. ఇరవై టన్నుల ఇసుకకు యాభై కిలోల తేడా లెక్కలోకి రాదు. అదే లారీలో రెండు బస్తాల బియ్యం తూచబోతే ఆ యాభై కిలోలే కొంప ముంచుతాయి.

అంకెల్లో చూడండి. వేసవి మ్యాప్‌లో 10 సెం.మీ., చలికాలపు మ్యాప్‌లో 10 సెం.మీ. పొరపాటు ఉంటే, తీసివేత తర్వాత మిగిలే పొరపాటు సుమారు 14 సెం.మీ. గాలికి కొట్టుకొచ్చి మూడు మీటర్లు మేట వేసిన చోట ఇది లెక్కలోదే కాదు. పావు మీటరు మంచున్న మైదానంలో మాత్రం మీ కొలతలో సగానికి పైగా తప్పే. కెనడాలో డ్రోన్ ఫోటోలతో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో ఇదే తేలింది. పొట్టి గోధుమ మోళ్లున్న పొలంలో పొరపాటు దాదాపు 9 సెం.మీ., పొడుగు మోళ్లున్న చోట దాదాపు 14 సెం.మీ., కొండ వాలు మీద మళ్లీ 9కి లోపే. కొండ మీద మంచు లోతుగా ఉంది కాబట్టి రోజు రోజుకీ వచ్చే మార్పు కూడా దొరికింది. పొలంలో అది దొరకలేదు. మంచు కనీసం 30 సెం.మీ. ఉంటేనే ఈ పద్ధతి జోలికి వెళ్లమని ఆ అనుభవం చెబుతుంది.

మన హిమాలయాల్లో ఈ తేడా ఒకే రోజు ప్రయాణంలో కనిపిస్తుంది. పీర్ పంజాల్ దక్షిణ వాలులు, గుల్మార్గ్, సోలాంగ్ వైపు వెస్టర్న్ డిస్టర్బెన్సులు (చలికాలంలో పడమటి నుంచి వచ్చే తుపాన్లు) మీటర్ల కొద్దీ మంచు కుమ్మరిస్తాయి. శిఖరాలు దాటి స్పితి, లద్దాఖ్ వైపు దిగితే మబ్బుల్లో సరుకు అయిపోతుంది. పడిన కాస్తా పొడిగా, పలచగా ఉంటుంది. గాలి దాన్ని ఒక చోట ఊడ్చి ఇంకో చోట పోస్తుంది. స్పితిలో లోయ అడుగున పలచగా పరుచుకున్న మంచుకు డ్రోన్ ఫోటోలతో లోతు మ్యాప్ చేస్తానంటే నేను వద్దనే అంటాను. అక్కడ మంచు ఎంత విస్తీర్ణంలో ఉందో శాటిలైట్ చిత్రాల్లో చూసుకుని, లోతుకు చేత్తో ప్రోబ్ గుచ్చడమే మేలు. డ్రోన్‌ను మేటలు వేసే గల్లీలకు (కొండ వాలు మీది ఇరుకు గాడులకు) దాచుకోండి.

ప్రోబ్‌ను చిన్నచూపు చూడొద్దు

ప్రోబ్ అంటే గుర్తులు వేసిన, ముక్కలు ముక్కలుగా మడిచే సన్నటి కడ్డీ. గుచ్చితే నేల తగిలేదాకా దిగుతుంది, సెంటీమీటరు తేడాలో అంకె చదువుకోవచ్చు. దానికీ దాని తిప్పలున్నాయి. మంచులో గట్టి ఐస్ పొర ఉంటే అక్కడే ఆగి నేల వచ్చిందనిపిస్తుంది. కింద నాచో మెత్తటి మట్టో ఉంటే లోపలికి దిగబడి లోతు ఎక్కువ చూపిస్తుంది. అసలు ఇబ్బంది వేరే: హిమపాతం (వాలు మీది మంచు ఒక్కసారిగా విరిగి జారడం) పడే వాలు మీదకు మనిషి నడిచి వెళ్లకూడదు. రోజంతా తిరిగినా కొన్ని వందల చుక్కలే వస్తాయి, అవీ మనం నడవగలిగిన చోటువే. కొండ మీద అడుగు తేడాలో లోతు రెట్టింపవుతుంది కాబట్టి, నడిచిన దారి సగటు కొండంతటి సగటు కాదు.

అయినా మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ప్రోబ్ సంచిలో ఉండాల్సిందే. పై నుంచి వచ్చిన మ్యాప్ నిజమో కాదో చెప్పే సాక్షి అదొక్కటే. ఆటోమేటిక్ స్టేషన్ల సోనిక్ సెన్సర్లు, మంచు బరువు తూచే స్నో పిల్లోలు కాలంతో పాటు మార్పును చక్కగా చెబుతాయి, కాకపోతే ఒక్క చోటుకే. వాటికి పోటీగా కాదు, తోడుగా ఫోటోలను చూడాలి.

డ్రోన్ ఫోటోలు: ఎక్కువమందికి ఇదే

ఒకే చోటును రకరకాల స్థానాల నుంచి తీసిన వందల ఫోటోల్లో సాఫ్ట్‌వేర్ ఒకే గుర్తులను పట్టుకుంటుంది. వాటిని బట్టి కెమెరా ఎక్కడుందో, లెన్స్ ఎంత వంపు చూపిస్తుందో, ఆ గుర్తు త్రీడీలో ఎక్కడుందో మూడూ ఒకేసారి లెక్కకడుతుంది. దీన్నే స్ట్రక్చర్ ఫ్రమ్ మోషన్ అంటారు. గుర్తులు దొరికితేనే ఇదంతా. రాళ్ల గుట్ట మీద గుర్తులకు కొదవ లేదు. అప్పుడే కురిసిన మంచు మీద, మబ్బు పట్టిన రోజున, సాఫ్ట్‌వేర్‌కు కనిపించేది తెల్లగోడ. ఆ చోట్ల మోడల్‌లో బొక్కలు పడతాయి, లేదా లేని శిఖరాలు ముళ్లలా లేస్తాయి.

కాబట్టి ఎప్పుడు ఎగరేయాలన్నదే ఇక్కడ పెద్ద ఎంపిక. మంచు ఆగిన రెండు మూడు రోజులకు గాలి చెక్కిన గీతలు, ఎండకు పడిన గుంటలు పైకి తేలతాయి. ఎండ కాస్త వాలుగా పడితే ఆ గీతల నీడలే గుర్తులవుతాయి. మరీ పొద్దువాలితే కొండ నీడ సగం లోయను మింగేస్తుంది. హిమపాతం అంచనా వేసేవాళ్లకు తుపాను ఆగిన మర్నాడే మ్యాప్ కావాలి, ఫోటోలు సరిగ్గా ఆ రోజే చేతులెత్తేస్తాయి. మీ పని అదైతే ఈ విభాగం వదిలేసి లేజర్ దగ్గరికి వెళ్లిపోండి.

కెమెరా సెట్టింగులు ఆటోలో వదలొద్దు. ఫోటోలో వెలుగు ఎంత మేర పరుచుకుందో చూపే గ్రాఫ్, హిస్టోగ్రామ్, చూడండి: మంచు తాలూకు గుట్ట కుడి చివర గోడకు అతుక్కుపోయిందంటే ఆ పిక్సెళ్లలో ఇక ఏ వివరమూ మిగల్లేదు, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. గుట్ట మొత్తం చివరికి కాస్త ఎడంగా ఆగేలా ఎక్స్‌పోజర్ తగ్గించి, మధ్యలో మారకుండా మాన్యువల్‌లో బిగించండి. ఫోటో చూడ్డానికి బూడిదరంగులో ఉంటుంది, ఉండనివ్వండి. రా ఫార్మాట్ వీలైతే అదే వాడండి. దావోస్‌లో స్విస్ పరిశోధకులు నియర్ ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కూడా పెట్టి చూశారు. మంచు రేణువుల సైజును బట్టి ఆ కాంతిని పీల్చుకోవడం మారుతుంది కాబట్టి, కంటికి ఒకే తెలుపుగా కనిపించే చోట కూడా అందులో తేడాలు దొరుకుతాయి. 2016లో వాళ్లు ఇచ్చిన లెక్క: గడ్డి పొట్టిగా ఉన్న చోట, రాళ్ల మీద పొరపాటు 7 నుంచి 15 సెం.మీ., పొదలు, పొడుగు గడ్డి ఉన్న చోట 30 సెం.మీ. దాకా.

ఆ రెట్టింపు తేడా మంచుది కాదు, గడ్డిది. వేసవి మ్యాప్‌లో కెమెరా చూసింది గడ్డి కొసలను. చలికాలంలో మంచు ఆ గడ్డిని తొక్కి నేలకు అదిమేసింది. దాంతో లెక్కలో లోతు తగ్గుతుంది, ఒక్కోసారి మైనస్‌లోకి కూడా పోతుంది. మంచు కరిగిన వెంటనే, కొత్త గడ్డి మొలవకముందే వేసవి సర్వే చేయడం మంచిది. హిమాచల్‌లో పీర్ పంజాల్ దక్షిణాన అప్పుడు కుదరకపోతే జూలై నుంచి వానలు, మబ్బులు. అప్పుడిక గద్దీ కాపరుల మందలు మేసేసి కిందికి దిగాక, వానలు తగ్గాక ఎగరేయండి. గొర్రెలు చేసినంత నున్నగా ఏ ఫిల్టరూ చేయలేదు. మైనస్ లోతులు కనిపించగానే అన్నిటినీ సున్నా చేసేసే అలవాటు కొందరికి ఉంది. ముందు వాటిని మ్యాప్ మీద చూడండి, మీ పొరపాటు ఎంతో, ఎక్కడుందో అవే చెబుతాయి.

నేల మీద కంట్రోల్ పాయింట్ల (స్థానం కచ్చితంగా కొలిచి పెట్టే గుర్తుల) విషయంలో మంచు వేరే ఆట ఆడుతుంది. నల్ల గుర్తున్న బోర్డు పెడితే ఎండను పీల్చి కింద మంచును కరిగించుకుంటూ దిగబడుతుంది. గాలొస్తే ఎగిరిపోతుంది. పైగా వాటిని పెట్టడానికి ప్రమాదకరమైన వాలు మీదకు మనిషి వెళ్లాలి, అది తప్పించుకోవడానికే కదా డ్రోన్ తెచ్చింది. అందుకే జీపీఎస్ స్థానాన్ని ఎగురుతుండగానే సరిదిద్దే ఆర్‌టీకే గానీ, తర్వాత సరిదిద్దే పీపీకే గానీ ఉన్న డ్రోన్ తీసుకోండి. లోయల్లో మొబైల్ నెట్‌వర్క్ ఉండదు, రేడియో లింకు కొండ మలుపులో తెగిపోతుంది. నా ఓటు పీపీకేకే: బేస్ స్టేషన్ డేటా, డ్రోన్ డేటా తర్వాత గదిలో కూర్చుని కలుపుకోవచ్చు. ఫాంటమ్ 4 ఆర్‌టీకే లాంటి పాతదాంట్లో కూడా మెకానికల్ షట్టర్ ఉంది, వంద మీటర్ల ఎత్తులో పిక్సెల్ 2.7 సెం.మీ. వస్తుంది. రోలింగ్ షట్టర్ ఉన్న చవక డ్రోన్లు కదిలేటప్పుడు ఫోటోను సాగదీస్తాయి, ఈ పనికి అవి వద్దు. ముందుకు 80 శాతం, పక్కకు 70 శాతం ఓవర్‌ల్యాప్ పెట్టుకోండి. నిట్టనిలువుగా తీసినవాటితో పాటు కొన్ని ఏటవాలు ఫోటోలు కలిపితే మోడల్ మధ్యలో గిన్నె బోర్లించినట్టు ఉబ్బే జబ్బు తగ్గుతుంది.

రెండు మ్యాపులూ సరిగ్గా అతికాయో లేదో చూడ్డానికి మంచు లేని గట్టి చోటు ఒకటి ఫ్రేములో ఉండాలి. మనాలి వైపు యంత్రాలతో మంచు తీసేసిన తారురోడ్డు ఇందుకు భేషుగ్గా పనికొస్తుంది. రోడ్డు మీద తేడా సున్నా రావాలి. 12 సెం.మీ. అని వచ్చిందంటే మీ చలికాలపు మ్యాప్ అంతా 12 సెం.మీ. పైకి లేచినట్టే, అంత మేర దించాలి. వాలు మీద సంగతి ఇంకా మెలిక: మ్యాప్ అడ్డంగా అర మీటరు జరిగినా నలభై అయిదు డిగ్రీల వాలు మీద అది అర మీటరు లోతు తప్పుగా మారుతుంది. ఒక వైపు వాలులన్నీ ఎక్కువ మంచు, ఎదుటి వైపు వాలులన్నీ తక్కువ మంచు చూపిస్తుంటే ముందు ఈ జరుగుడును అనుమానించండి, గాలిని తర్వాత.

చలి, ఎత్తు కూడా బడ్జెట్‌లో భాగమే. నాలుగు వేల మీటర్ల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానికి మూడింట రెండు వంతులే. రెక్కలు ఎక్కువ తిరగాలి, బ్యాటరీ తొందరగా దిగుతుంది. ఫాంటమ్ 4 ఆర్‌టీకేకు కంపెనీ చెప్పే కనీస ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు, మేట్రిస్ 300 తరగతికి మైనస్ 20. బ్యాటరీలు జాకెట్ లోపల వెచ్చగా ఉంచుకుని ఎగరేసే ముందే తీయండి. మన దేశంలో 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, పరిశోధన, రక్షణ అవసరాలకు మాత్రం మినహాయింపులున్నాయి. సంస్థ తరఫున కొంటుంటే ఈ కాగితాల పని ముందే మొదలుపెట్టాలి. 2021 డ్రోన్ రూల్స్ కింద గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు, రెడ్ జోన్‌కు కేంద్రం అనుమతి కావాలి. మంచు బాగా పడే మన కొండలు చాలావరకు సరిహద్దుల దగ్గరివే కాబట్టి, టికెట్లు బుక్ చేసే ముందు ఈ జోన్లు చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ తెరిచి చూడండి.

విమానం నుంచి ఫోటోలు

డ్రోన్‌తో రోజుకు ఒకటి రెండు చదరపు కిలోమీటర్లు దాటడం కొండల్లో కష్టం. పదుల చ.కి.మీ. కావాలంటే మనిషి నడిపే చిన్న విమానం ఉంది. అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ కేంద్రంగా మాట్ నోలన్ చేసినది ఈ దారిలో నాకు బాగా నచ్చిన పని. నాలుగు సీట్ల సెస్నా, అందులో బజారులో దొరికే నికాన్ డీ800ఈ, షట్టర్ పడిన క్షణాన్ని నమోదు చేసే నాణ్యమైన జీపీఎస్. విమానం వంపును, కదలికను కొలిచే ఖరీదైన ఇనర్షియల్ యూనిట్ లేదు, నేల మీద కంట్రోల్ పాయింట్లు లేవు. ఒక్కో సర్వే 40 చ.కి.మీ. దాకా, పిక్సెల్ 6 నుంచి 20 సెం.మీ. ఆరు వేలకు పైగా ప్రోబ్ కొలతలతో పోల్చి 2015లో వాళ్ల బృందం ప్రచురించిన తేడా సుమారు 10 సెం.మీ. డ్రోన్‌తో వచ్చేది కూడా ఇంచుమించు ఇంతే. దావోస్ దగ్గర 145 చ.కి.మీ.ను ఏడీఎస్80 అనే పెద్ద మ్యాపింగ్ కెమెరాతో తీసినప్పుడు రెండు మీటర్ల గ్రిడ్‌లో పొరపాటు 30 సెం.మీ. వచ్చింది. ఇరుకు లోయలు, నిట్టనిలువు వాలులు ఉన్న చోట అది తీసిపారేసే ఫలితం కాదు.

చిన్న విమానాలు, ఎయిర్‌స్ట్రిప్‌లు ఊరికొకటి ఉండే అలాస్కాలో ఇది చవక. మన హిమాలయాల్లో అద్దెకు అలాంటి విమానం, దానికి అనుమతి దొరకడం మాటలు కాదు. అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్లు తప్పకుండా ఆలోచించండి, ఇక్కడివాళ్లు పేజీ తిప్పేయొచ్చు.

లైడార్‌కు డబ్బు పెట్టాల్సింది ఎప్పుడు?

రెండు సందర్భాల్లో బేరమాడకండి: చెట్లున్నప్పుడు, తాజా మంచు కొలవాల్సినప్పుడు. లైడార్ అంటే లేజర్ పల్సులతో దూరం కొలిచే పరికరం, తన కాంతిని తనే పంపుకుంటుంది, కాబట్టి మంచు ఎంత తెల్లగా ఉన్నా, మబ్బు వెలుతురున్నా దానికి పేచీ లేదు. దేవదారు కొమ్మల సందుల్లోంచి కొన్ని పల్సులైనా కిందికి దిగి మంచును తాకి వస్తాయి. ఫోటోలకు అడవిలో కనిపించేది చెట్ల తలలే. మీ బేసిన్‌లో (ఒకే నదికి నీళ్లు చేరే ప్రాంతంలో) సగం అడవైతే ఫోటోల మ్యాప్‌లో సగం ఖాళీ అన్నమాట, ధర తక్కువని సంబరపడి లాభం లేదు.

దీనికి పెద్ద ఉదాహరణ కాలిఫోర్నియా. నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ 2013లో మొదలుపెట్టిన ఎయిర్‌బోర్న్ స్నో అబ్జర్వేటరీ, శాన్‌ఫ్రాన్సిస్కోకు నీళ్లిచ్చే హెచ్ హెచీ రిజర్వాయర్ ఎగువన ట్వాలమీ బేసిన్‌ను విమానం లైడార్‌తో పదే పదే కొలిచింది. మూడు మీటర్ల గ్రిడ్‌లో పొరపాటు 8 సెం.మీ. దగ్గర. గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎంత నీరు పట్టి ఉంచాలి అనే నిర్ణయాలకు ఆ అంకెలు పనికొచ్చాయి. అంత నీటి విలువ వెనక ఉంటే అంత ఖర్చుకు అర్థముంది.

ఒకే వాలును చలికాలమంతా ఎదురుగా ఉన్న గట్టు నుంచి చూస్తూ ఉండాలంటే నేల మీద నిలబెట్టే లేజర్ స్కానర్ చాలు. కొనేటప్పుడు తరంగదైర్ఘ్యం తప్పకుండా అడగండి. 1550 నానోమీటర్ల లేజర్ కట్టడాల సర్వేలకు బాగుంటుంది. మంచు మాత్రం ఆ కాంతిని పీల్చేస్తుంది, దూరం నుంచి తిరిగి ఏమీ రాదు. 1064 దగ్గర పనిచేసేవి మంచు మీద కిలోమీటర్ల దూరం అందుకుంటాయి, బదులుగా కంటి భద్రత జాగ్రత్తలు కట్టుదిట్టంగా ఉండాలి. ఐఫోన్ ప్రో మోడళ్లలో ఉన్న లైడార్ అయిదు మీటర్లు దాటదు. మంచు గుంత గోడనో ఇంటి ముందు కుప్పనో స్కాన్ చేయడానికి సరదాగా ఉంటుంది, కొండకు కాదు.

శాటిలైట్ ఫోటోలు

మనిషి గానీ డ్రోన్ గానీ చేరలేని బేసిన్, వందల చ.కి.మీ., సరిహద్దు అనుమతుల చికాకు: ఇవన్నీ ఒకేసారి ఉంటే ఫ్రాన్స్ వారి ప్లేయాడ్ ఉపగ్రహాల స్టీరియో చిత్రాలు (ఒకే చోటును రెండు కోణాల నుంచి తీసినవి) ఆర్డర్ చేయండి. 20 కి.మీ. వెడల్పు పట్టీని అర మీటరు పిక్సెల్‌తో ఇస్తాయి, 12 బిట్ చిత్రాలు కాబట్టి మంచు తెల్లగా మాడిపోవడం తక్కువ. ట్వాలమీలోనే లైడార్‌తో పోల్చి చూస్తే మూడు మీటర్ల గ్రిడ్‌లో పొరపాటు 80 సెం.మీ. వచ్చింది, మొత్తం మీద సగటు తేడా మాత్రం 8 సెం.మీ. దగ్గరే. అంటే ఒక్కో పిక్సెల్‌ను నమ్మొద్దు, వాలు మొత్తం సగటును నమ్మొచ్చు. రెండు మీటర్ల మంచు పడే చోట నీటి లెక్కలకు ఇది సరిపోతుంది, ఒక హిమపాతపు గల్లీలో ఎంత పేరుకుందో చెప్పడానికి సరిపోదు.

మన కార్టోశాట్-1 కూడా స్టీరియో ఉపగ్రహమే, దాని చిత్రాలతోనే హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) దేశమంతటికీ కార్టోడెమ్ అనే ఎత్తుల మ్యాప్ తయారుచేసింది. దాని పిక్సెల్ 2.5 మీటర్లు, ఎత్తుల్లో పొరపాటు మీటర్లలో ఉంటుంది. మంచు లోతుకు పనికిరాదు. డ్రోన్ నేలకు ఒకే ఎత్తులో ఎగిరేలా ఫ్లయిట్ ప్లాన్ వేసుకోవడానికి మాత్రం, తగినంత మార్జిన్ వదిలి, వాడుకోవచ్చు.

గ్లేషియర్ మీద పని అయితే ఒక హెచ్చరిక. ఛోటా షిగ్రీ లాంటి చోట వేసవి సర్వేకూ చలికాలపు సర్వేకూ మధ్య కింద ఉన్న ఐసే కదులుతుంది, కరుగుతుంది, పైకి లేస్తుంది. రెండు మ్యాపుల తేడాలో మంచు ఎంతో, ఐస్ కదలిక ఎంతో ఫోటో గానీ లేజర్ గానీ విడదీయలేవు. అక్కడ రాడార్‌తో లోపలికి చూడాలి, లేదా గుంత తవ్వాలి.

సాఫ్ట్‌వేర్, కడపటి లెక్క

సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువ మథనపడక్కర్లేదు. మెటాషేప్, పిక్స్4డీ డబ్బు పెట్టి కొనేవి, ఓపెన్‌డ్రోన్‌మ్యాప్, మిక్‌మాక్ ఉచితం. శాటిలైట్ జంటలకు నాసా ఏమ్స్ స్టీరియో పైప్‌లైన్ ఉచితంగా దొరుకుతుంది. విద్యార్థులైతే ఉచితమైనవాటితో మొదలుపెట్టండి. ఒకటే పట్టింపు: వేసవి, చలికాలపు మ్యాపులు రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే సెట్టింగులతో చేయండి, గదిలో తెచ్చుకునే తప్పులు కొన్ని తీసివేతలోనే పోతాయి.

నీళ్ల కోసమే ఈ మ్యాప్ అయితే లోతుతో పని అయిపోదు. కొత్త మంచు ఘనపు మీటరుకు 100 కిలోలు కూడా ఉండకపోవచ్చు, వసంతంలో అణిగిన మంచు 400 దాటుతుంది. మీటరున్నర మంచు, సాంద్రత 350 అనుకుంటే 525 మి.మీ. నీరు. సాంద్రత లోతులా అడుగడుక్కీ మారదు కాబట్టి నాలుగైదు గుంతల్లో గొట్టంతో తీసి తూచినా బేసిన్ మొత్తానికి సరిపెట్టుకోవచ్చు. లోతును ఎక్కువ చోట్ల, సాంద్రతను తక్కువ చోట్ల కొలవడమే గిట్టుబాటు.

డబ్బు తక్కువై రెండు సర్వేల్లో ఒకదానికే మంచి పరికరం అద్దెకు తెచ్చుకోగలిగితే, వేసవిదానికే పెట్టండి. వీలైతే ఆ ఒక్కసారికి లైడార్ తెప్పించి పొదల కింద నేలను పట్టుకోండి. ఆ నేల మ్యాప్ తర్వాతి చలికాలాలన్నిటికీ పనికొస్తుంది, చలికాలపు ఎగురుడు మామూలు పీపీకే డ్రోన్‌తో ఏటా ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు. కొండచరియ విరిగిపడితేనో వాగు దారి మారితేనో మాత్రం ఆ ముక్క వరకు మళ్లీ తీయాలి.